ఖరగ్‌పూర్‌లో జయరాజు సంఘం, నా మోకాలి నొప్పి

కొత్త క్రైస్తవ సంఘాలు స్థాపించేవాళ్ళ కోసం పెట్టిన ఎం.ఏ. చదివే ప్రతివాళ్ళకూ రెండో ఏడాదిలో ఒక ప్రయాణం తప్పదు. మరొకరు మొదలుపెట్టిన సంఘానికి వెళ్ళి, ఒక ఆదివారం వాళ్ళతో గడిపి, చూసింది చూసినట్టు నివేదిక రాసివ్వాలి. నాతో చదివేవాళ్ళలో ఒకాయన అరకు కొండల వైపు వెళ్ళాడు, ఒకామె భీమిలి దగ్గర చేపల రేవుకు వెళ్ళింది. నాకు మా మాస్టారు ఖరగ్‌పూర్ వేశారు. ఆ పేరు వినగానే కడుపులో మంట మొదలైంది. ఊరి మీద నాకు ఏ కోపమూ లేదు. మంటంతా ఆ ఊళ్ళో ఉన్న జయరాజు మీద.

జయరాజు బైబిలు కాలేజీలో నాకు రెండేళ్ళు జూనియర్. హాస్టల్లో నా గదిలోనే ఉండేవాడు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన రైల్వే పిల్లాడు, మైకు చేతికిస్తే పక్కవాడికి అందించేసేవాడు. ప్రసంగానికి మూడు భాగాలుండాలని, మొదట్లో ఒక పిట్టకథ చెప్పాలని, చివర్లో గొంతు తగ్గించాలని వాడికి నేర్పింది నేను. వాడు తన ఊరికి తిరిగిపోయి ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలోని తెలుగు కుటుంబాల మధ్య సంఘం పెట్టాడు. నాకంటే ముందే ఈ ఎం.ఏ. కూడా పూర్తి చేశాడు. షిఫ్టు డ్యూటీలు చేసే రైల్వేవాళ్ళ మధ్య సంఘం ఎలా నడపాలో వాడు రాసిన థీసిస్ ఇప్పుడు మేము చదవాల్సిన పుస్తకాల్లో ఉంది. నేను అక్షరాలు దిద్దించినవాడి రాతను పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివి పరీక్ష రాశాను. అందులోనే నాకు అన్నింటికంటే తక్కువ మార్కులు వచ్చాయి.

మా సంఘం విజయనగరంలో ఒక అద్దె హాల్లో జరుగుతుంది. ఒకప్పుడు చెప్పులు విడవడానికి వాకిట్లో చోటు చాలేది కాదు. మెయిన్ రోడ్డు మీద పెద్ద సంఘం వచ్చాక ఒక్కో కుటుంబం అటు జారుకుంది. ప్రతి ఆదివారం నేను కుర్చీల మధ్య దూరం కాస్త పెంచి వేస్తున్నాను, హాలు నిండుగా కనిపించడానికి. ఇది మాస్టారికి తెలుసు. "వెళ్ళి చూసిరా. వచ్చాక నీ సంఘాన్ని ఉంచుతావో, ఆ పెద్ద సంఘంలో కలిపేస్తావో నాకొక మాట చెప్పు" అన్నారు. సరే అన్నాను గానీ నా మనసులో ఉన్నది వేరు. జయరాజు సంఘంలో ఒక్క లోపమైనా పట్టుకోవాలి. ఆ తర్వాత మా హాలు మూసేసుకున్నా నాకు నిద్ర పడుతుంది.

విజయనగరం నుంచి హౌరా వైపు వెళ్ళే రైళ్ళు చాలానే ఉన్నాయి. సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి ఖరగ్‌పూర్‌లో దిగవచ్చు. స్లీపర్ టికెట్ నాలుగు వందల రూపాయల లోపే, కాకపోతే దసరా రోజుల్లో నెల ముందు చూసినా దొరకదు. భోజనం ఇంటి నుంచే తీసుకెళ్ళండి. నేను పులిహోర పొట్లం కట్టించుకున్నాను. పలాస దాకా తింటూ, బరంపురం దాకా ప్రసంగం రాసుకుంటూ వెళ్ళాను. ఆ ప్రసంగం గురించి చెప్పాలి. మా సంఘాల్లో బయటినుంచి దైవసేవకుడు వస్తే "అయ్యగారు రెండు మాటలు చెప్తారు" అని పిలవడం మర్యాద. రెండు మాటలంటే ముప్పావు గంట. జయరాజు జనం నోళ్ళు తెరుచుకుని వినాలని, వినేటప్పుడు జయరాజు మొహం నేను చూడాలని, మూడు భాగాలూ సానబెట్టుకుని పడుకున్నాను.

స్టేషన్లో బోగ్దా అనే వైపు దిగండి, ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు అదే అనువు. జయరాజు అక్కడే నిలబడి ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ లేదు, జుట్టు కాస్త పలచబడింది. ఆ జుట్టు చూసి నాకు కొంచెం హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు. "వందనాలన్నా! రాత్రి నిద్ర పట్టిందేటి?" అంటూ బ్యాగు లాక్కున్నాడు. బయట బండి దగ్గర మూరీ, ఘుగ్ని తిన్నాం. మూరీ అంటే మన మరమరాలే, మీద వేడివేడి బఠాణీ కూర పోసి ఇస్తారు. ఇద్దరం తిని టీ తాగినా వంద రూపాయలు కాలేదు. తర్వాత టోటో ఎక్కాం. టోటో అంటే బ్యాటరీ రిక్షా, మనిషికి ఇరవై అలా తీసుకుంటారు.

టోటో నడిపేది బెంగాలీ అతను. అయినా తెలుగు వచ్చు, ఈ ఊళ్ళో అది మామూలే. అద్దంలో నన్ను చూసి, "మీరు పాస్టర్ దాదాకి సుట్టాలేటి?" అని అడిగాడు.

"పాత స్నేహితుణ్ణి."

"మా మా హాస్పిటల్‌లో ఉన్నప్పుడు దాదా రోజూ వచ్చీవోడు. మాది కాళీ పూజ సేసే ఇల్లు. అయినా వచ్చీవోడు. పక్కన కూకుని కమలాలు ఒలిసి పెట్టీవోడు" అన్నాడు. 'మా' అంటే వాళ్ళ అమ్మ, 'దాదా' అంటే అన్న. దిగేటప్పుడు డబ్బు కూడా వద్దన్నాడు, జయరాజే జేబులో కుక్కాడు. విజయనగరంలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను, నన్ను చూసి డబ్బు వద్దన్న ఆటోవాడు ఒక్కడూ లేడు. నా కుళ్ళు అక్కడితో రెట్టింపయింది.

ఓల్డ్ సెటిల్‌మెంట్ సందుల్లో నడుస్తుంటే బొబ్బిలిలోనో పార్వతీపురంలోనో ఉన్నట్టుంటుంది. ఎర్ర ఇటుక క్వార్టర్లు, గోడలకు ఆనించిన సైకిళ్ళు, కిటికీల్లోంచి తెలుగు కేకలు. ఒక క్వార్టర్ ముందు వాకిట్లో చాపలు పరిచి ఉన్నాయి. అదే సంఘం. వేదిక లేదు, మైకు లేదు, అయ్యగారికి కుర్చీ అయినా లేదు. నేను చప్పున ఒక మూల కూర్చుని తలలు లెక్కపెట్టాను. పక్క క్వార్టర్ గడప మీద బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్న పెద్దామెను కూడా కలిపాను. నేను ఊహించుకుని ఏడ్చినంత మంది లేరు, కానీ మా హాల్లో కంటే ఎక్కువే.

కూటం నడిపింది జయరాజు కాదు. వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా పనిచేసే సూర్యారావు. రెండు పాటలు పాడారు, బైబిల్లోంచి ఒక చిన్న భాగం చదివారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తమ వారం ఎలా గడిచిందో చెప్పుకున్నారు. మిగతావాళ్ళు వాళ్ళ కోసం ప్రార్థన చేశారు. జయరాజు వెనకాల మంచినీళ్ళ గ్లాసులు అందిస్తూ, ఏడ్చే పసివాణ్ణి ఎత్తుకుని తిప్పుతూ ఉన్నాడు. ప్రసంగం ఊసే లేదు! నా లోపం దొరికింది. 'వాక్య పరిచర్య బలహీనం' అని నివేదికలో రాయబోయే వాక్యం మనసులో రాసేసుకున్నాను. పైగా ఆ కొరత తీర్చడానికి నేను సిద్ధంగా వచ్చాను కదా, బైబిల్లో కాగితాలు పెట్టుకుని.

చివరికి సూర్యారావు నా వైపు తిరిగాడు. "ఇజీనారం నుండి అయ్యగారొచ్చినారు" అన్నాడు. నేను చొక్కా సర్దుకుని లేవబోయాను.

"నెగకండి అయ్యగారూ. అలగే మద్దిలోకి జరిగి కూకోండి. మా కాడ కొత్తగా వచ్చినోళ్ళు మాటాడరండి. ఆల కోసం మేమే దేవుణ్ణి అడుగుతాం. మీకేటి కావాలో సెప్పండి, మీ కోసం ఏటి అడగమంటారు?"

అందరూ నన్నే చూస్తున్నారు. బైబిల్లో కాగితాలు బైబిల్లోనే ఉండిపోయాయి. ఏమని అడగమంటాను? మా జనం వెళ్ళిపోతున్నారని చెప్పనా? సంఘం మూసేయాలో వద్దో తెలియడం లేదని చెప్పనా? అదిగో ఆ నీళ్ళ గ్లాసులు పట్టుకున్నవాణ్ణి చూస్తే ఓర్చుకోలేకపోతున్నానని చెప్పనా? కక్కలేక మింగలేక, నోటికి వచ్చింది అనేశాను.

"మోకాలి నొప్పండీ."

నాకు మోకాలి నొప్పి లేదు. ఇప్పటికీ లేదు. కానీ వాళ్ళు ప్రార్థన చేసిన తీరు చూస్తే ఎవరైనా నాకు రెండు కాళ్ళూ పోయాయనుకుంటారు. రాత్రంతా గూడ్సు బండి నడిపి నేరుగా వచ్చిన ఒక డ్రైవరు, కళ్ళు ఎర్రగా మండుతున్నా, నా మోకాలి మీద చెయ్యి వేసి చాలాసేపు ప్రార్థించాడు. ఒకామె కంటతడి పెట్టుకుంది. నేను కళ్ళు మూసుకుని సిగ్గుతో చచ్చిపోతూ ఆమెన్ ఆమెన్ అన్నాను.

అది అక్కడితో అయిపోతే బాగుండేది. కూటం ముగిసిన దగ్గర్నుంచి నన్ను ఎవరూ నిలబడనివ్వలేదు. ఎక్కడినుంచో కుర్చీ వచ్చింది, కుర్చీ ముందు కాలు చాపుకోవడానికి పీట వచ్చింది. గడప మీద బియ్యం ఏరుకుంటున్న పెద్దామె చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. పేరు అప్పలనరసమ్మ, అందరూ పెద్దమ్మ అంటారు.

"ఏ కాలు బాబూ?"

"కుడి కాలమ్మా."

ఆవనూనెలో వెల్లుల్లి వేసి కాచి తెచ్చి కింద కూర్చుని రుద్దడం మొదలుపెట్టింది. వద్దంటే వినదు. నేను నా పని మర్చిపోకుండా, "అమ్మా, మీరు ఈ సంఘంలో ఎప్పుడు చేరారు?" అని అడిగాను. నివేదికకు పనికొస్తుంది కదా.

ఆమె నూనె చెయ్యి ఆపి నవ్వింది. "నానేటి సంగంలో సేరడమేటి? నాను అమ్మోరి గుడికెల్తాను బాబూ. ఈలకి సాపలు సాలవు, నావి ఇస్తాను. ఈలు మాటాడుకుంటంటే బాగుంటాది, ఇక్కడ కూకుని ఇంటాను." లెక్కలోంచి ఒకరిని తీసేశాను. ఆ ఒక్కరే ఇంత సేవ చేస్తున్నందుకు ఇంకో రకం కుళ్ళు. మా హాలు పక్కింటివాళ్ళు మా పాటలు వినపడగానే టీవీ సౌండు పెంచుతారు.

మధ్యాహ్నం సూర్యారావు ఇంట్లో భోజనం. పప్పుచారు, చేపల వేపుడు, గసగసాలు నూరి వేసిన బంగాళదుంప కూర. ఆ కూర బెంగాల్లో తప్ప ఇంకెక్కడా ఇంత బాగా కుదరదు, అడిగి మరీ వేయించుకోండి. తర్వాత ట్రాఫిక్‌లో నలుగురి ఇళ్ళకు వెళ్ళాలన్నాడు జయరాజు. ట్రాఫిక్ అంటే బండ్ల రద్దీ కాదు, అదొక రైల్వే కాలనీ పేరు. బయల్దేరే ముందు పెద్దమ్మ నూనె గిన్నెతో మళ్ళీ వచ్చింది.

"ఇప్పుడెలగుంది?"

"కొంచెం నయమమ్మా" అంటూ కాలు చాపాను.

ఆమె ఆ కాలు చూసింది, నా మొహం చూసింది. ఆ కాలికి కూడా శ్రద్ధగా నూనె రాసి వెళ్ళిపోయింది.

ట్రాఫిక్‌కు మామూలుగా అయితే నడిచిపోవచ్చు. కానీ నొప్పి ఉన్నవాణ్ణి నడిపిస్తారా? నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని జయరాజు తొక్కాడు. నేను బొద్దుగా ఉంటాను, వాడు పుల్లలా ఉంటాడు, ఎండ మండిపోతోంది. వాడి వీపు మీద చొక్కా తడిసి అంటుకుపోయింది. దారిలో ప్రతి రెండో గుమ్మం నుంచి ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు. ఒకావిడ మందుల చీటీ చదవమంది, ఒకాయన కొడుకు రైల్వే పరీక్ష సంగతి అడిగాడు. వాళ్ళలో సంఘంవాళ్ళెవరో కానివాళ్ళెవరో నాకు తెలియలేదు. రొప్పుతూనే వాడు అడిగాడు.

"మీ సంఘం ఎలగుందన్నా?"

"దేవుని కృప" అన్నాను. సేవకులు ఏమీ చెప్పదలచుకోనప్పుడు అనే మాట అది. వాడూ సేవకుడే, ఇంకేమీ అడగలేదు.

తిరుగు రైలు సాయంత్రం. హౌరా నుంచి వచ్చేవి ఒక్కోసారి ఆలస్యమవుతాయి, కాబట్టి మర్నాడు పొద్దున్నే పని పెట్టుకోకండి. నాదీ ఆలస్యమే. చివర కనపడనంత పొడుగు ప్లాట్‌ఫారం మీద ఒక బెంచీ చూసి జయరాజు నన్ను జాగ్రత్తగా కూర్చోబెట్టాడు. సంచిలోంచి ఒక సీసా తీశాడు. పెద్దమ్మ నూనె.

"మోకాలెలగుందన్నా?"

పొద్దున్నుంచి ఆ ప్రశ్న ఎంతమంది అడిగారో. వీడు అడిగేసరికి ఇక నా వల్ల కాలేదు.

"మోకాలు కాదురా. నువ్వు."

వాడు సీసా బెంచీ మీద పెట్టాడు.

"నీ థీసిస్, నీ సంఘం, నీ టోటోవాడు, నీ పెద్దమ్మ. మా హాలు ఖాళీ అయిపోతోంది. నీ దగ్గర ఒక్క తప్పు పట్టుకుని పోదామని వచ్చాను. నొప్పి అదీ, మోకాలు కాదు."

వాడు ఆశ్చర్యపోతాడనుకున్నాను. తల గోక్కున్నాడు. "పెద్దమ్మ మద్దేన్నమే సెప్పిందన్నా. పొద్దున కుడి కాలన్నావంట, మద్దేన్నం ఎడమ కాలు సాపినావంట."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఆ ఎండలో సైకిలు ఎందుకు తొక్కావు?"

"మా కాడ మొదటిసారి అందరిదీ మోకాలేనన్నా. కాపోతే నడుం, కాపోతే తలనొప్పి. రెండోసారో మూడోసారో అసలుది సెప్తారు. అందాకా మేము మోకాలికే ప్రార్థన సేస్తాం." పట్టాల వైపు చూస్తూ మళ్ళీ అన్నాడు. "నానూ మొదట గొంతు నొప్పనే సెప్పినాను."

"అసలుది ఏంటి?"

"నువ్వు."

నాకు అర్థం కాలేదు. వాడే చెప్పాడు. "ఇక్కడ మొదలెట్టిన కొత్తలో అచ్చం నీలాగ సెప్పాలని సూసినాను. మూడు భాగాలు, పిట్టకథ, సివర్న గొంతు తగ్గించడం. నైట్ డ్యూటీ దిగొచ్చినోళ్ళు కదా, నాను గొంతు తగ్గించీసరికి గురక ఇనబడీది. అన్నకొచ్చింది నాకెందుకు రాదని కుళ్ళి కుళ్ళి సచ్చినాను. నీ మీద ఎంత కోపమొచ్చీదో! ఓ ఆదివారం ఇంక నా వల్ల కాక, నాను సెప్పలేనండి, మీకేటి కావాలో మీరే సెప్పండి అని కూకుండిపోయినాను. ఆరోజు ఒక్కడూ నిద్రపోలేదు. అలగ మొదలైందన్నా ఇదంతా."

"ఇది నీ థీసిస్‌లో లేదే!"

"థీసిస్‌లో ఎలగ రాస్తానన్నా? మార్కులు పోవేటి?"

ఇద్దరం నవ్వాం. నేను ఎక్కువసేపు నవ్వాను, కళ్ళు తుడుచుకోవడానికి అదొక సాకు. నేను పట్టుకున్న ఆ ఒక్క లోపానికి మూలం నేనే అన్నమాట. రైలు వచ్చింది. బ్యాగు అందిస్తూ వాడు కిటికీలోంచి ఒక కబురు చెప్పాడు. "పెద్దమ్మ సెప్పమందన్నా. మళ్ళీ వచ్చినప్పుడు మోకాలు ఇంటికాడే వదిలీసి రమ్మంది."

అసూయ పోయిందా అని అడుగుతారు. పోలేదు. ఒకడి మీద కుళ్ళు పెట్టుకుని వాడి ఊరు దాకా వెళ్ళి, వాడూ మన మీద అంతే కుళ్ళాడని వింటే మనిషి తేలికపడతాడు తప్ప మంచివాడైపోడు. కానీ వాడి కుళ్ళులోంచి ఒక సంఘం పుట్టింది, నా కుళ్ళులోంచి కుర్చీల మధ్య దూరం తప్ప ఏమీ పుట్టలేదు. తర్వాతి ఆదివారం మా హాల్లో కుర్చీలన్నీ ఒక మూలకు పేర్చి చాపలు పరిచాను. బల్ల వెనక నిలబడకుండా మధ్యలో కూర్చుని, ఖరగ్‌పూర్‌లో నేను చెప్పిన అబద్ధం, దాని వెనకున్న నిజం, సంఘాన్ని మూసేయాలనుకుంటున్న సంగతి చెప్పి, నా కోసం ప్రార్థన చేయండని అడిగాను. ఇక అయిపోయింది, మిగిలినవాళ్ళూ పెద్ద సంఘానికి పోతారనుకున్నాను. అప్పుడు మా కూటానికి ఏళ్ళ తరబడి వస్తూ ఒక్కసారీ నోరు విప్పని మరియమ్మగారు చాప మీద ముందుకు జరిగి, "అయ్యగారూ, ముందు మీకు చేస్తాం. తర్వాత నాకూ ఒక మోకాలుందండి" అన్నారు. ఆరోజు మేము ఇళ్ళకు వెళ్ళేసరికి అన్నాలు చల్లారిపోయాయి. మాస్టారికి నివేదిక ఇచ్చాను. లోపాలు అన్న చోట నా మోకాలి సంగతి రాశాను. సంఘాన్ని కలపడం లేదని కింద ఒక వాక్యం చేర్చాను.

ఈ చదువు కోసం ఖరగ్‌పూర్ వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా. ప్రసంగం రాసుకోవద్దు, రైల్లో హాయిగా నిద్రపోండి. వాళ్ళు మిమ్మల్ని చాప మధ్యలో కూర్చోబెట్టి అడిగినప్పుడు నిజం చెప్పగలిగితే చెప్పండి. చెప్పలేకపోతే నొప్పి కుడి కాలిదో ఎడమ కాలిదో రైలు బాలాసోర్ దాటకముందే తేల్చుకోండి, పెద్దమ్మ రెండుసార్లు అడుగుతుంది.